బాపు తట్టి చూసిన సొరంగం

మొన్న పొద్దున వాకింగ్‌కి పోతుంటే మా కాలనీ అవతల వాగు మీద కొత్త వంతెన పని మొదలైనట్టు కనిపించింది. పిల్లర్ల కోసం భూమిలోకి గుంతలు తొలిచే పెద్ద రిగ్గు తెచ్చి పెట్టారు, పక్కన ఇనుప ట్యాంకులో బూడిద రంగు జావ లాంటిది గిరగిరా తిరుగుతోంది. నాలుగడుగులు దగ్గరికి వేశానో లేదో ఆ వాసన తగిలింది. తడిసిన కుమ్మరి మట్టి, అందులో కొంచెం డీజిలు, కొంచెం నిలవ నీళ్లు. బెంటొనైట్ అనే మట్టిని నీళ్లలో కలిపిన జావ. ముప్పై ఏళ్ల పైన అయింది ఆ వాసన చూసి. హనుమకొండలో వాగు గట్టు మీద నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కలకత్తా చిత్తరంజన్ ఎవెన్యూలో ఉన్నాను, కాళ్లకు గమ్ బూట్లు, చేతిలో స్టాప్‌వాచ్, చుట్టూ పంపుల మోత.

ఇంటికొచ్చి టీ తాగుతూ మా ఆవిడకు చెప్పడం మొదలుపెడితే టిఫిన్ టైం కూడా దాటిపోయింది. అందుకే రాసి పెడదామనిపించింది.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో టింబర్‌మన్. బాయిలో బొగ్గు తీసిన చోట కప్పు కింద దుంగలు నిలబెట్టి, పైనున్న రాయిని ఆపే పని. వరంగల్‌లో సివిల్ డిప్లొమా అయ్యాక నేను ఆర్నెల్లు ఖాళీగా ఉన్నాను. అప్పుడు ఒక క్లాస్‌మేట్ వాళ్ల మామ ద్వారా కలకత్తాలో ఉద్యోగం ఉందని తెలిసింది. మెట్రో రైలు పని చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్. అవ్వ ఏడ్చింది. బాపు ఒక్కటే అడిగాడు, "భూమిల పనేనా?" అని. అవునన్నాను. "మరి పో" అన్నాడు.

వరంగల్ స్టేషన్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆంధ్ర దాటి, ఒడిశా దాటి హౌరాలో దిగాను. బ్రిడ్జి దాటి అవతలికి పోయేసరికి నాకు కనిపించింది సగం ఊరు, సగం కందకం. అంత పెద్ద రోడ్డును మధ్యలో నిలువునా చీల్చి పెట్టారు. దుకాణాల ముందు చెక్క పలకలు, వాటి మీంచే జనం సర్కస్ చేసినట్టు నడుస్తున్నారు. పక్కన మిగిలిన ఇంత సందులో బస్సులు, చేతిరిక్షాలు, మోత కూలీలు, అందరూ. ఇన్నేళ్లుగా ఇట్లాగే ఉందని మెస్‌లో ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన కూతురు బడికి పోవడం మొదలుపెట్టినప్పుడు తవ్విన గుంత, ఆ అమ్మాయి పెళ్లయి పోయినా పూడలేదట.

ఆ లైను కథ నాకు సైట్ మీదే కొద్దికొద్దిగా తెలిసింది. మా సైట్ ఇంజనీర్‌ను అందరూ బొడొ బాబు అనేవాళ్లు. సాయంత్రం మట్టి కప్పులో టీ తాగుతూ ఆయన చెప్పేవాడు. కలకత్తాకు భూగర్భ రైలు కావాలని బి.సి. రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1949లో, ఫ్రెంచి నిపుణులను పిలిపించి సర్వే చేయించారట. ఊళ్లో రోడ్ల వాటా మొత్తం నేలలో నూటికి నాలుగు చిల్లరే, ఇంకెక్కడికి పెంచుతారు, అందుకే కిందికి దిగాలి అనేవాడు. 1971లో మాస్టర్ ప్లాన్ వేశారు, అయిదు లైన్లు, దాదాపు తొంభై ఏడు కిలోమీటర్లు. ముందుగా దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా ఒక్కటి తీసుకుని, 1972 డిసెంబర్ 29న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. రష్యా వాళ్లు సలహాదారులు.

ఆ తర్వాత అంతా ఎదురుచూపే. డబ్బులు సరిపోవు. కోర్టు కేసులు. గడ్డపార వేస్తే చాలు కింద ఏదో ఒక పాత పైపు, తాగునీళ్లదో, గ్యాసుదో, కరెంటు కేబులో, లేదా తెల్లదొరల కాలం నాటి ఇటుక మురుగు కాలువో. వాటిని పక్కకు జరిపి కానీ ముందుకు పోలేం. దేశంలో మొదటి భూగర్భ రైలు 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా నడిచింది. మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు, అయిదు స్టేషన్లు. ఇంకో మూడు వారాలకు అటు చివర దమ్‌దమ్ నుంచి బెల్గాచియాకు చిన్న ముక్క. 1986 ఏప్రిల్‌లో ఇటు టాలీగంజ్ దాకా పొడిగించారు. నేను పోయేసరికి పరిస్థితి అది. తల దగ్గర ఒక ముక్క, కాళ్ల దగ్గర ఒక ముక్క, నడుము లేదు. ఆ నడుము దగ్గరే, మహాత్మా గాంధీ రోడ్డు చౌరస్తా చుట్టుపక్కల, మా పని. దమ్‌దమ్ వైపు చిన్న ముక్కకైతే జనమే రాక 1992లో దాన్ని ఆపేశారు కూడా. ఎవరు ఎక్కుతారు, ఎక్కినవాడు ఎటూ చేరకపోతే. ఆ వార్త విన్న రోజు మా సైట్‌లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

ఇక బెంటొనైట్ సంగతి. కలకత్తా కింద మన దగ్గరలా రాయి లేదు. అంతా గంగ తెచ్చి పోసిన మెత్తటి బంకమట్టి, కాస్త దిగితే నీళ్లు. ఉత్త కందకం తవ్వితే చూస్తుండగానే కూలిపోతుంది. అందుకని రోడ్డుకు రెండు పక్కలా సన్నటి కందకాన్ని ముక్కలు ముక్కలుగా తవ్వుతూ, తవ్విన కొద్దీ ఈ జావ నింపుతూ పోతారు. ఆ జావ బరువే మట్టిని నెట్టి పట్టుకుంటుంది. తర్వాత ఇనుప చువ్వల పంజరాన్ని క్రేన్‌తో దించి, అడుగు దాకా పైపు వేసి కాంక్రీటు పోస్తే, అది కింది నుంచి లేస్తూ జావను పైకి తోసేస్తుంది. అట్లా భూమి లోపల గోడ తయారవుతుంది, పైనున్న మాకెవరికీ అది కంటికి కనిపించదు. రెండు గోడలూ అయ్యాక మధ్యలో మట్టి తీస్తూ, గోడలు లోపలికి ఒరగకుండా అడ్డంగా ఉక్కు దూలాలు బిగిస్తూ దిగాలి. అడుగున స్లాబు, పైన స్లాబు, దాని మీద మళ్లీ మట్టి, మట్టి మీద రోడ్డు. తవ్వి కప్పడం. లైను చాలా మటుకు ఇట్లా కట్టిందే. బెల్గాచియాకూ శ్యామ్‌బజార్‌కూ మధ్య రైల్వే యార్డు అడ్డం ఉంది కాబట్టి అక్కడ మాత్రం పైనుంచి తవ్వకుండా షీల్డు అనే ఇనుప కవచం అడ్డం పెట్టుకుని తొలుచుకుంటూ పోయారు.

నా పని ఆ జావను చూసుకోవడం. మార్ష్ కోన్ అని ఒక గరాటు ఉంటుంది. మూతి దగ్గర వేలు అడ్డం పెట్టి, గరాటు నిండా జావ పోసి, వేలు తీయగానే స్టాప్‌వాచ్ నొక్కాలి. కింద మగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి రిజిస్టర్‌లో రాయాలి. మరీ తొందరగా కారితే జావ పల్చన, గోడను ఆపలేదు. మరీ మెల్లగా కారితే చిక్కన, కాంక్రీటు దాన్ని పైకి నెట్టలేదు. ముప్పై నుంచి నలభై మధ్య వస్తే మా ప్రాణాలు కుదుటపడేవి. రాత్రి షిఫ్టులో బల్బు వెలుగులో ముళ్లు సరిగా కనిపించక నేను పెదాల మీద తెలుగులో లెక్కపెట్టుకునేవాణ్ణి, ఒకటి, రెండు, మూడు... ముప్పై రెండు దగ్గర మగ్గు నిండితే అదొక తృప్తి. నా వేలికి ఆ జావ ఆరిపోయి తెల్లటి పొరలా పట్టేది, గోళ్ల సందుల్లో ఉండిపోయేది. అన్నంలో చెయ్యి పెట్టినప్పుడు కూడా అదే వాసన. అన్నం అన్నాను కానీ మెస్‌లో అన్నీ ఆవనూనె వంటలే. మొదటి రెండు నెలలు సగం కడుపుతోనే పడుకున్నాను.

రాత్రంతా పంపులు నడిచేవి. డీజిల్ పంపుల మోత నిద్రలో కూడా చెవిలో ఉండేది, అలవాటయ్యాక అదే జోలపాట. ఒక్కటి ఆగినా ఠక్కున మెలకువ వచ్చేది. వానాకాలం వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆషాఢంలో ఒక రాత్రి కుండపోత వాన, రోడ్డు మీద నీళ్లు మోకాళ్ల దాకా, కందకం గట్టు మీద ఇసుక బస్తాలు వేస్తూ బిహారీ కూలీలు, ఒడియా కూలీలు, నేను, బొడొ బాబు అందరం ఒకే వరుసలో నిలబడి బస్తాలు అందించుకున్నాం. పక్క మేడలో ఉండే ఒక ముసలమ్మ, పదేళ్లుగా మమ్మల్ని తిట్టిపోస్తున్న ఆవిడే, పై నుంచి గంప దించి అందులో మరమరాలు, పచ్చిమిరపకాయలు పంపింది. ఆ ఊరి వాళ్ల ఓపిక గురించి ఎంత రాసినా తక్కువే. మేం తవ్విన గుంత పక్కన వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు, పూజ పందిళ్లు వేశారు, పీనుగులను ఆ పలకల మీంచే మోసుకుపోయారు.

అవ్వ ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి, మా చెల్లె రాసేది. ప్రతి ఉత్తరంలో చివరి మాట ఒకటే: "లోపల నీళ్లు కారుతున్నయా? పైలం." బాపు షిఫ్టు దిగి ఇంటికి రాగానే అవ్వ అడిగే మొదటి మాట కూడా అదే. చెంబుతో నీళ్లు ఇచ్చుకుంటూ "బాయిల నీళ్లు కారుతున్నయా?" అనేది. చిన్నప్పుడు నాకది పలకరింపు అనుకునేవాణ్ణి, అన్నం తిన్నావా అన్నట్టు.

బాపు ఒక్కసారి వచ్చాడు కలకత్తాకు. సెలవు పెట్టుకుని, రామగుండంలో బండెక్కి, కాజీపేటలో మారి, ఒక్కడే. చేతిలో డబ్బా నిండా సకినాలు, ఇంకో సీసాలో చింతకాయ తొక్కు. హౌరాలో దిగంగనే అడిగాడు, "మీ బాయి ఏది?" అని.

ముందు బండి ఎక్కిస్తానన్నాను. ఎస్ప్లనేడ్ దగ్గర మెట్లు దిగుతుంటే బాపు నడక మారిపోయింది. రోడ్డు మీద బస్సులు చూసి బెదిరిన మనిషి, కిందికి దిగుతుంటే నిబ్బరంగా, ఇంటికి పోతున్నట్టు దిగాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ముఖం అటూ ఇటూ తిప్పి గాలి చూశాడు. "గాలి ఏడికెళ్లి వస్తున్నది?" పెద్ద ఫ్యాన్లతో పై నుంచి లోపలికి కొడతారని చెప్పాను. తలూపాడు. "పోయేతందుకు కూడ తొవ్వ ఉన్నదా?" ఉందన్నాను. అప్పుడు కుదురుగా నిలబడ్డాడు. పైన కరెంటు తీగ లేకుండా బండి ఎట్లా నడుస్తుందంటే, పట్టాల పక్కన మూడో పట్టా చూపించి, ఏడు వందల యాభై వోల్టుల కరెంటు దాంట్లోంచే వస్తుందని చెప్పాను. ఒకడుగు వెనక్కి వేశాడు, నన్ను కూడా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

బండి రాకముందే గాలి వచ్చింది. ఎక్కినవాళ్లకు తెలుసు, సొరంగంలో బండి ముందున్న గాలిని తోసుకుంటూ వస్తుంది, చీర కొంగులు, పేపర్లు ఎగురుతాయి, ఆ తర్వాత రెండు దీపాలు. ఆ పాత పెట్టెలు మద్రాసు రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో చేసినవి, మోటార్లు బెంగళూరు కంపెనీ ఎన్‌జీఈఎఫ్‌వి. ఏసీ లేదు, కిటికీల్లోంచి సొరంగం హోరంతా లోపలికి వచ్చేది, పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. బాపు టాలీగంజ్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ దగ్గర నిలబడి, వెనక్కి పోతున్న నల్లటి గోడను చూస్తూనే ఉన్నాడు. రవీంద్ర సదన్‌లో గోడ మీద ఠాగూర్ చేతిరాతలు, బొమ్మలు చూసి మాత్రం "భూమిల ఇవన్ని పెట్టిన్రా" అన్నాడు, ఎంతో మురిపెంగా.

దిగాక గేటు దగ్గర చిన్న పేచీ. టికెట్టు వెనక అయస్కాంతం పూత ఉండేది, బయటికి వచ్చేటప్పుడు గేటు దాన్ని మింగేసేది. బాపు అక్కడే నిలబడ్డాడు. "నా టికెట్ ఇయ్యమను. మీ అవ్వకు చూపియ్యాలె." ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి కౌంటర్‌కు పోయి ఇంకో టికెట్టు కొని ఆయన చేతిలో పెట్టాను. జేబులోంచి పాత కవరు తీసి, అందులో ఉన్న సింగరేణి గుర్తింపు కార్డు వెనక దాన్ని జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

మర్నాడు రాత్రి బొడొ బాబు దగ్గర పర్మిషన్ తీసుకుని మా సైట్‌లోకి దించాను. అప్పటికి మా ముక్కకు పై స్లాబు పడింది, పట్టాలు ఇంకా వేయలేదు. హెల్మెట్ ఇస్తే బాపు పట్టీ బిగించుకున్న తీరు చూసి బొడొ బాబు నాతో బెంగాలీలో అన్నాడు, మీ నాన్న మనకంటే సీనియర్ అని. లోపల తడి నేల, అక్కడక్కడా వేలాడే బల్బులు, దూరంగా నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. బాపు ఒక గడ్డపార ముక్క తీసుకున్నాడు. నేను అనుకున్నంతా అయింది. చెయ్యెత్తి పై స్లాబును తట్టాడు.

బాయిలో ఆయన జీవితమంతా చేసిన పని అది. కర్రతో కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉంది. డొల్లగా మోగితే పొర విడింది, పక్కకు జరగాలి, దుంగ పెట్టాలి. చిన్నప్పుడు మా ఇంటి గోడలు, కుండలు, చివరికి పుచ్చకాయ కూడా ఆయన అట్లాగే తట్టి వినేవాడు.

మూడు చోట్ల తట్టాడు. పక్క గోడను తట్టాడు. తలకాయ ఓ పక్కకు వంచి చాలాసేపు విన్నాడు.

"మంచిగనే పోసిన్రు. అవతల ఏమున్నది?"

"బంకమట్టి బాపూ. నీళ్లు."

"రాయి లేదా?"

"లేదు."

ఆయన ముఖంలో మొదటిసారి దిగులు చూశాను. "మా రాయి పడేముందు చెప్తది బిడ్డా. చిటపటమంటది, పొట్టు రాలుతది. దుంగలు మూల్గుతయి. ఇనెటోనికి ఇనపడ్తది. గీ మట్టి ఏం చెప్తది?"

నేను గరాటు సంగతి చెప్పాను. మట్టి చెప్పదు కాబట్టే మేం జావ చిక్కదనం కొలుస్తాం, నీటిమట్టం రోజూ రాసుకుంటాం, పక్క మేడల గోడల పగుళ్ల మీద గాజుపలకలు అతికించి, అవి పగిలాయా అని పొద్దున్నే చూస్తాం అని. చూపించమన్నాడు. ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాను. గరాటు మూతికి తన వేలు అడ్డం పెట్టాడు. ఆ వేళ్లకు బొగ్గు పచ్చబొట్టులా దిగిపోయిన నల్లటి గీతలుండేవి, ఎంత కడిగినా పోవు. వేలు తీశాడు, ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ముప్పై నాలుగు. "గిదా నీ చెవు" అన్నాడు. బూడిద రంగు జావ ఆయన వేలి మీద నుంచి కారుతుంటే తుడుచుకోకుండా అట్లాగే వాసన చూశాడు.

ఆ తర్వాత ఒకటొకటిగా ముక్కలు కలిశాయి. 1994 ఆగస్టులో శ్యామ్‌బజార్, అక్టోబర్‌లో చాందినీ చౌక్, 1995 ఫిబ్రవరిలో గిరీష్ పార్క్, సెంట్రల్. ఇక మిగిలింది ఒక కిలోమీటరు ఎనిమిది వందల మీటర్లు, అదీ మాదే. 1995 సెప్టెంబర్ 27న దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా, పదహారు కిలోమీటర్ల పైచిలుకు, బండి ఆగకుండా నడిచింది. శంకుస్థాపన నుంచి లెక్కేస్తే ఇరవై మూడేళ్లు. నూట నలభై కోట్లు అనుకున్న ఖర్చు పదింతలు దాటిపోయింది. ఆ ఆలస్యం మీద కోపం వచ్చిన వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ రోజు మహాత్మా గాంధీ రోడ్డు స్టేషన్‌లో జనం మధ్య ఇరుక్కుని నిలబడి, టైల్స్ అంటించిన గోడ వెనక మేం పోసిన గోడ ముక్కల ప్యానెల్ నంబర్లు నాకు గుర్తున్నాయి, ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాను. పక్కన ఎవరికీ తెలియదు. మా కాంట్రాక్టరు నుంచి మాకు మూడు నెలల జీతం ఇంకా రావాలి, అదీ ఆ రోజు గుర్తు రాలేదు.

పని అయిపోయింది, నేను వరంగల్ వచ్చేశాను. కాలువలు, స్కూలు బిల్డింగులు, అపార్ట్‌మెంట్లు, ఏవేవో కట్టాను. మళ్లీ అంత లోతుకు దిగే పని దొరకలేదు.

2019 ఆగస్టు ఆఖర్లో టీవీలో చూశాం. కలకత్తా బౌబజార్‌లో కొత్త లైను సొరంగం తొలుస్తుంటే మిషన్ నీటిపొరను తాకి, లోపలికి నీళ్లు వచ్చి, పైన పాత ఇళ్లు కుంగిపోయాయి. చేతిసంచులతో రోడ్డు మీద నిలబడ్డ జనాన్ని చూపిస్తున్నారు. బాపు అప్పటికి మంచం దిగడం తగ్గించాడు, చెవులు సరిగా వినబడవు. టీవీ సౌండు పెంచమన్నాడు. చాలాసేపు చూసి, "మట్టి చెప్పలే" అన్నాడు. ఇంకేం అనలేదు.

రెండేళ్లకు ఆయన పోయాడు. అదే సంవత్సరం అక్టోబర్‌లో ఆ పాత నాన్ ఏసీ బండ్లను కూడా ఆపేశారని పేపర్లో చదివాను. ఏడాది మాసికం నాడు ఆయన రేకు పెట్టె తీస్తే గుర్తింపు కార్డు కవరులో ఆ టికెట్టు ఉంది. అంచులు పసుపుపచ్చగా అయ్యాయి, వెనక పూత మాత్రం అట్లాగే నల్లగా ఉంది.

పోయిన ఏడు మా అమ్మాయికి సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం వస్తే దింపడానికి పోయాను. చిత్తరంజన్ ఎవెన్యూ చివరి నుంచి చివరి దాకా నడిచాను. ఎక్కడా పలక లేదు, పంపు లేదు. మరమరాలు పంపిన ముసలమ్మ మేడ కింద మొబైల్ షాపు. తర్వాత ఎస్ప్లనేడ్‌లో కొత్త లైను ఎక్కాం, హుగ్లీ కింది నుంచి హౌరా పోయేది. 1971 ప్లాన్‌లోనే నది అవతలికి లైను గీసి ఉందని బొడొ బాబు మ్యాప్ మీద వేలు పెట్టి చూపించేవాడు. 2024 మార్చిలో మొదలైంది. నది అడుగు నుంచి ఇంకా పదమూడు మీటర్ల కింద, అయిదు వందల ఇరవై మీటర్ల నీళ్ల దారి. బండి చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మహాకరణ్ స్టేషన్ దాటగానే మా అమ్మాయి మోచేత్తో పొడిచింది, "నాన్నా, ఇప్పుడొస్తది చూడు" అని. కిటికీ అవతల సొరంగం గోడ మీద నీలం లైట్లు మొదలయ్యాయి. జనం ఫోన్లు ఎత్తారు. నా పెదాలు వాటంతట అవే కదిలాయి, ఒకటి, రెండు, మూడు. నలభై అయిదు దగ్గర లైట్లు అయిపోయాయి.

హౌరా స్టేషన్‌లో దిగి, ఎస్కలేటర్ల మీద పైకి, ఇంకా పైకి వచ్చి, నది ఒడ్డున నిలబడి అవ్వకు ఫోన్ చేశాను. ఆమెకిప్పుడు ఎనభై దాటింది. నది కింది నుంచి రైల్లో వచ్చామని చెబితే కాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"నీళ్లు కారుతున్నయా బిడ్డా?"

"లేదవ్వా. ఒక్క బొట్టు లేదు. నేను చూసిన."